ఐదు కన్నాల్లో దూరిన మాత్ర

మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో మందుల షాపు కాంపౌండర్ పోయాడు. మంగళవారం పొద్దున్న పాలవాడు సైకిలు దిగకుండానే చెప్పాడు. అప్పటి నుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికో తెలియదు. నాకు చదువు తక్కువ. వర్క్‌షాపు ఫిట్టర్ని, పనిలో మాత్రం ఎవరికీ తీసిపోలేదు.

రెండేళ్ల కిందట మా ఆవిడకు ఒళ్లంతా దురద. కాంపౌండర్ షాపులో కొన్న, జలుబుకు వాడే పాతరకం మాత్ర వేస్తే తగ్గింది. ఒకటి చాలదని రోజుకు మూడు వేయించాను. నెలలు గడిచాయి. నోరెండిపోయేది, ఒంటేలు సరిగా వచ్చేది కాదు. తర్వాత టీలో ఉప్పు వేసింది. ఒకరోజు నన్నే చూసి, ఎవరో బెంగాలీ పెద్దమనిషిని అడిగినట్టు, "దాదా, ఎవరు కావాలి?" అంది.

వయసు అనుకున్నాను. కాంపౌండర్ అలా అనుకోలేదు.

"ఫిట్టర్ బావా, ఇంక ఆ మాత్ర నీకివ్వను. తగ్గిందని సంబరపడకు, ఏటి తగ్గిందో సూసుకో."

"నువ్వేటి, డాక్టరువా? సీసాలు తుడుసుకో!" అని బజారులో ఇంకోచోట అదే మాత్ర కొన్నాను.

అతను ఊరుకోలేదు. మా ఇంటికొచ్చి గచ్చు మీద సుద్దతో ఐదు గుండ్రాలు గీశాడు.

"ఇయి ఒంట్లో కన్నాలు బావా. మస్కారినిక్ అంటారు. గ్యాపకానికొకటి, గుండెకొకటి, ఉమ్మికీ ఉచ్చకీ ఒకటి, మిగతా రెండూ బుర్రలోయే. ఈ మాత్ర దురద కన్నానికి సేసిన బోల్టు. కానీ ఈ అయిదిట్లోనూ దూరిపోద్ది. తిరగదు, పనిసెయ్యదు, ఊరికే కూకుంటది. ఒంట్లో పుట్టే అసలు బోల్టు బయటుండిపోద్ది."

"బోల్టన్నాక సైజుండదేటి?"

"దీనికదే లేదు. కొత్తరకం మాత్రలు ఇంతలా దూరవు."

నాకు మందులు తెలియవు, తప్పు బోల్టు తెలుసు. అతనే మా ఆవిడను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మాత్ర మార్పించాడు. మూడోవారం మా ఆవిడ, "లుంగీ తిరగేసి కట్టినావేటి?" అని నన్ను తిట్టింది. ప్రాణం లేచి వచ్చింది.

అతనికి మాత్రం ఒక్క మంచిమాట చెప్పలేదు. షాపు ముందు కనబడితే "ఠీక్ హై?" అనేవాడు. "ఠీక్ హై" అని పోయేవాణ్ణి.

మొన్న వాళ్లింట్లో మా ఆవిడ అతని భార్య చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నాకు మతిపోయింది తన షాపు మాత్రవల్లేనని అన్నయ్యే సెప్పాడు వొదినా, తప్పు తనదేనట. మా ఆయన్నేటీ అనొద్దని నాకాడ మాట తీసుకున్నాడు."

అందరూ విన్నారు. నేను లేచి బయటికొచ్చేశాను.

అది అబద్ధం. అతను వద్దన్నాక కూడా కొన్నది నేను, వేయించింది నేను. ఈ కాగితం అందుకే.

మా ఆవిడ ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. "పొద్దున్నించీ ఏటలా రాస్తన్నావు? సదివి యినిపించు" అంది.

చదువుదామని కాగితం ఎత్తాను. ఆమె చేతిలో కాయ సగం ఈనెతో ఆగి ఉంది.