మౌన పులుసు

తన పేరు అచ్చులో చూసుకోవాలన్నది తెనాలి శకుంతలకి ఏనాటిదో కోరిక. రేపల్లెలో ఉండే అక్క కొడుకు భరద్వాజ శకుంతల ఇంట్లోనే తింటూ ఇంటర్ గట్టెక్కాడు. తర్వాత టీవీలో గరిటె తిప్పి పెద్ద చెఫ్ అయ్యాడు. ఇప్పుడు ఆత్మకథ కూడా రాశాడు. చేతిలో గరిటె లేనప్పుడు ఆ మాత్రం కాలక్షేపం ఉండాలి కదా. "నీ గురించి ఒక అధ్యాయమే రాశాను పిన్నీ" అన్నాడు ఫోన్లో. ఇంకేముంది, పక్క ఊరు అంగలకుదురు దాకా అందరికీ తెలిసిపోయింది.

పుస్తకం బాపట్లలో వాడి రెస్టారెంట్లోనే దొరుకుతుందట. భర్త వెంకట సుబ్బయ్యని బయల్దేరదీసి శకుంతల రైలెక్కింది. తీరా వెళ్తే చెఫ్ గారు షూటింగులో ఉన్నారు. ఎలాగూ వచ్చాం కదా అని భోజనానికి కూర్చుంటే, ఇత్తడి గిన్నెలో 'మౌన పులుసు' అనేది వచ్చింది. ఒక్క ముద్దకే ఆవిడ మొహం ముడుచుకుంది.

"బాబూ, ఇందులో ఉప్పెయ్యడం మర్చిపోయారు. కాస్త తెచ్చిపెట్టు."

"లేదండి అమ్మగారూ, దీనికి ఉప్పు ఇవ్వకూడదండి. చెఫ్ గారి రూలండి."

"ఏంటి రూలు! ఈ పులుసు వాడికి నేర్పిందెవరో గాని, ఆవిణ్ణి పొయ్యి దగ్గరికి రానివ్వకూడదు." భర్త వైపు తిరిగింది. "ఇది మా అక్క నిర్వాకమేనండి. దానికి మొదట్నుంచీ వంట రాదు."

కౌంటర్లో తాను చెఫ్ గారి సొంత పిన్నినని చాటి, పుస్తకం కొంది. తిరుగు రైల్లో తన అధ్యాయం దొరకగానే కళ్లు చెమర్చాయి. తర్వాత చదివింది.

'దుంప అసలు రుచి లోకానికి చూపాలని మా శకుంతల పిన్ని ఆ రోజు చేమదుంపల పులుసులో ఉప్పు వెయ్యలేదు. పండితులు సైతం మాట మరిచి మౌనంగా తిన్నారు. ఉప్పు అడగడమే అపచారమన్నట్టు ఒక్కరూ అడగలేదు. నా వంట ఆ విస్తరి దగ్గర పుట్టింది.'

ఆ రోజు ఆవిడకి బాగా గుర్తుంది. మామగారి తద్దినం. మడి కట్టుకుని వండే మనిషి రుచి చూడకూడదు. భోక్తలు వంటకి వంక పెట్టకూడదు. ఉప్పు విడిగా వడ్డించకూడదు. అందరూ తిని వెళ్లాక, ఆఖరున తను విస్తరి ముందు కూర్చుంటే గాని ఉప్పు మరిచిన సంగతి తెలియలేదు. సిగ్గుతో ముద్ద దిగలేదు. వాడికి చేసిపెట్టిన గుత్తివంకాయ గురించి, పనసపొట్టు కూర గురించి పుస్తకంలో ఒక్క ముక్క లేదు. మహానుభావుడి నాలుక మీద నిలిచింది ఇదొక్కటే! ఆవిడకి నిజంగానే ఏడుపొచ్చింది.

రైలు తెనాలి చేరకముందే భరద్వాజ ఫోన్ చేశాడు.

"పిన్నీ, మౌన పులుసు తిన్నావంట కదా, మావాళ్లు చెప్పారు. నిజం చెప్పు, నీ చేతి పులుసులా ఉందా?"

నిజం చెబితే అధ్యాయం పోతుంది. మళ్లీ అచ్చేసేటప్పుడు ఆ చోట అక్క పేరు ఎక్కినా ఎక్కుతుంది. శకుంతల పుస్తకాన్ని ఒళ్లో భద్రంగా సర్దుకుని, గొంతు సవరించుకుంది.

"దాదాపు వచ్చిందిరా నాన్నా. కాకపోతే ఎక్కడో కాస్త ఉప్పు తగిలినట్టుంది. అది కూడా తగ్గించు."