టీ పెట్టెలో నేర్చుకున్న ఇంగ్లీషు

న్యూ టౌన్‌లో ఒక క్యాబ్ డ్రైవరు పంపిన మెసేజ్‌ని నిన్న మన గ్రూపులో పెట్టి నవ్వింది మీరే. 'ఇన్ గేట్' అని రాశాడట. 'ఎట్ ద గేట్' అనాలట. కారు గేటు దగ్గరికే వచ్చింది కదా... ఎక్కారు కదా... మరి నవ్వెందుకు?

మా చిన్నప్పుడు... ఖిదిర్‌పూర్ ఓడరేవు కూలీల లైన్ల ఇళ్ళలో ఇంగ్లీషు ఒక టీ పెట్టెలో ఉండేది.

నిజంగానే. ఓడలకెక్కించే టీ నింపే చెక్కపెట్టె, అంచులకు రేకు కొట్టినది. మూత ఊడినదాన్ని నాన్న ఇంటికి తెచ్చాడు. అమ్మ అందులో బొగ్గులు పోసుకుందామనుకుంది. ఈలోపే పక్కింటి రూతమ్మత్త పట్టుకుపోయింది.

రూతమ్మత్త ఆస్పత్రిలో ఆయా. మిషన్ బడిలో చదువుకున్న ఇంగ్లీషు ఆవిడ దగ్గర కొంత మిగిలి ఉండేది. అప్పట్లో ఎర్రజెండా సర్కారు తన ప్రాథమిక బడుల్లో ఇంగ్లీషు తీసేసింది. మాతృభాషలో చదువు అన్నారు. ఆ మాట తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. ఎర్రజెండా నీడన పెరిగినదాన్ని. కానీ ఎవరి మాతృభాష? మా ఇంట్లో తెలుగు, బడిలో బెంగాలీ. ఆ మాట మైకులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్న బాబుల పిల్లలు కొందరు మాత్రం రోజూ ఇంగ్లీషు బడికి బస్సెక్కేవారు.

సాయంత్రం డ్యూటీ దిగి రూతమ్మత్త పెట్టెను వాకిట్లోకి ఈడ్చేది.

"ఇన్ అంటే ఏటి? నోటితో సెప్పకు. దూరు."

దూరేవాళ్ళం. "ఆన్!" అంటే బోర్లించిన పెట్టె ఎక్కేవాళ్ళం. "బిహైండ్!" అంటే వెనక్కి పరుగు. "అండర్!" అంటే ఆవిడే పెట్టె ఎత్తి మా మీద మూసేసేది...

"మనకి 'పెట్టె' ముందొస్తాది, 'లోన' ఎనకొస్తాది. ఆళ్ళకి తిరగేసి. నోరు మరిసిపోద్ది గానీ ఒళ్ళు మరవదే గుంటా!"

'ఎట్' మాత్రం పెట్టెలో పట్టలేదు. దానికి మా నాన్నల్ని వాడుకుంది.

"మీ అయ్య పని పిలుపు కోసం గేటుకాడ నిలబడ్డాడు?"

"ఎట్ ద గేట్!"

"ఓడెక్కీసినాడు?"

"ఆన్ ద షిప్!"

"ఓడ కడుపులోకి దిగీసినాడు?"

"ఇన్ ద హోల్డ్!"

మా నాన్న రోజంతా ఆ మూడు ముక్కల్లో అయిపోయేది.

నాలుగో తరగతి అయ్యాక భవానీపూర్‌లో ఒక ఇంగ్లీషు బడికి నన్ను ఇంటర్వ్యూకి తీసుకెళ్ళాడు నాన్న. సీటు వస్తే మా లైన్లోంచి ఇంగ్లీషు బడికి వెళ్ళే మొదటి ఆడపిల్లను నేనే. బల్ల అవతల ముగ్గురు టీచర్లు కూర్చున్నారు. నాన్న గుమ్మం దగ్గర గంఛా తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

పెద్ద టీచరు ఏదో అడిగింది. అందులో నాకు పట్టుబడింది 'అండర్ ద టేబుల్' ఒక్కటే.

దూరాను. రూతమ్మత్త మెచ్చుకునేంత వేగంగా.

మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే ముగ్గురి చెప్పులు కనిపించాయి. గుమ్మం దగ్గర నాన్న పాదాలు కనిపించాయి. పైన నవ్వులు... కాసేపటికి వాటిలో నాన్న నవ్వు కూడా కలిసింది. వాళ్ళ నవ్వు మరిచిపోయాను. నాన్నది మరవలేదు.

ఎందుకు దూరావని ఒక్కరూ అడగలేదు. వారం తర్వాత గేటుకు అంటించిన జాబితాలో నా పేరు లేదు.

ఇంటర్వ్యూ నుంచి వస్తుంటే బస్సులో నాన్న కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "ఆళ్ళు నవ్వీసరికి నానూ నవ్వీసినానే అమ్మా. ఏటి సెయ్యాలో తెల్లేదు."

రూతమ్మత్త అంతా విని అడిగింది. "అండర్ అంటే కిందకే ఎల్లినావా? పక్కకి ఎల్లలేదు కదా? మరి తప్పేటే? నవ్వినోళ్ళని దూరమను సూద్దాం. ఆ బల్లకింద పడతారేటి ఆళ్ళు!"

నవ్వాను. అప్పటికి అదే నాకు మందు.

అయితే మర్నాటి నుంచి పెట్టెలో దూరితే చాలదంది. దూరి, 'ఐ యామ్ ఇన్ ద బాక్స్' అని పూర్తిగా చెప్పాలంది. ఆవిడ తన పాఠం దిద్దుకుంది. ఆ బడి దిద్దుకోలేదు.

ఇంగ్లీషు తర్వాతెప్పుడో వచ్చింది, సర్కారీ బడిలోనే, ఆలస్యంగా. ఇప్పుడు ఆ భాషలో వ్యాసాలు రాసి మీలాంటివాళ్ళతో పోట్లాడుతున్నాను. రాస్తూ రాస్తూ 'అండర్' దగ్గరికొస్తే ఇప్పటికీ మోకాళ్ళు ముడుచుకుంటాయి...

లైన్లలో ఇప్పుడు టీ పెట్టెలు లేవు. తప్పులు ఫోనే దిద్దుతోంది, నవ్వకుండా. నవ్వే పని మీరు తీసుకున్నారు.

కాబట్టి నా డిమాండ్లు:

ఆ డ్రైవరు మెసేజ్‌ని గ్రూపులోంచి తీసేయండి. ఇవాళే.

పిల్లల్ని ఇంటర్వ్యూ చేసే ప్రతి బడీ తల్లికీ తండ్రికీ కుర్చీ వెయ్యాలి.

పిల్ల వింతగా ఏదైనా చేస్తే ముందు ఎందుకని అడగాలి, పిల్లకు వచ్చిన భాషలో. ఆ భాష మీకు రాకపోతే వచ్చినవాళ్ళని పిలవాలి.

మాతృభాష గురించి ఉపన్యాసమిచ్చేవాళ్ళు అది ఎవరి మాతృభాషో చెప్పాలి. సొంత పిల్లల్నీ ఆ బడికే పంపాలి.

మీరూ ఎప్పుడైనా ఏదో ఒక బల్ల కింద దూరి ఉంటే ఇక్కడ రాయండి. ఇన్, ఆన్, ఎట్... ఏది పెట్టినా సరే. నేను నవ్వను.