రంగులో ముంచకముందే

ఎల్బీ నగర్ మెట్రో మెట్లు దిగగానే ఒక పంక్చర్ కొట్టు ఉంది. కాలుతున్న ట్యూబు వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు భిక్షపతి సార్ గుర్తొస్తారు. ఆయన తన కాగితాల కట్టలన్నిటినీ పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసిన పట్టీతో కట్టేవారు. పోచంపల్లి వైపు నేతవాళ్ల బిడ్డ ఆయన. నూలుకు రంగు వేసే ముందు వాళ్లింట్లో అలాంటి పట్టీలతోనే ముడులు కడతారట. ముడి ఉన్నచోట రంగు అంటదు, తర్వాత అదే చీర మీద పువ్వవుతుంది.

చంపాపేటలో మేం కిరాయికున్న ఇంటి పైగదిలో ఆయన ఉండేవారు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేవారు, మిగతా సమయమంతా పీహెచ్‌డీ. విశ్వం పుట్టిన కొత్తలో డార్క్ మ్యాటర్, అంటే కంటికి కనిపించకుండా గెలాక్సీలను పట్టి ఉంచే పదార్థం, ఎంత మిగిలిందన్నది ఆయన లెక్క. నేను డిగ్రీ రెండో ఏడు, మా నాన్న ఆటో నడిపేవాడు. తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ వస్తే మా ఇద్దరికీ క్లాసులుండవు, డాబా మీద కూర్చునేవాళ్లం.

"మొదట్ల అంతా ఇరుకు, బిడ్డా. కణాలు ఒకదానికొకటి తగిలి మాయమైతుండె, మల్ల పుడుతుండె. విశ్వం సాగి సల్లబడ్డంక కొత్తయి పుట్టుడు ఆగింది. దూరం పెరిగి తగులుడు సుత ఆగింది. గా రోడ్డు సూడు. బంద్ నాడు మనిషికి మనిషి తగుల్తడా? గట్ల తగలక మిగిలిందే గీ డార్క్ మ్యాటర్" అన్నారు. ఖాళీ రోడ్డును చూస్తూ నేను నోరు తెరిచాను. నాకు ఫిజిక్స్ పిచ్చి పట్టింది ఆ పూటే.

థీసిస్ ఇచ్చేముందు లెక్కల కట్ట నా చేతిలో పెట్టారు. "మా ఇంట్ల ముడులు కడ్తుంటే చిన్నపిల్ల సుత తప్పు సూస్తే ఆపుమంటది. ఎవ్వలు కోపం చెయ్యరు. ఒక్క ముడి తప్పితె ప్రతి చీరల గదే కాడ తప్పొస్తది. రంగుల ముంచకముందే చెప్పాలె. అనుమానమొచ్చిన కాడ పెన్సిల్‌తోని సున్నా సుట్టు" అన్నారు.

ఏడో పేజీలో ఒకచోట రెండుతో గుణించడం తప్పిపోయింది. కణం, దానికి జోడీ అయిన ప్రతికణం వేరువేరైనప్పుడు రెండింటినీ లెక్కపెట్టాలి, ఆయన ఒక్కదాన్నే లెక్కపెట్టారు. సున్నా చుట్టాను. కానీ చివరి పేజీలో జవాబు ఆకాశంలో కొలిచిన విలువతో అచ్చంగా సరిపోయింది, దాని కింద సార్ సంబరంగా రెండు గీతలు గీసుకున్నారు. అంత పెద్ద లెక్కలో ఆటో నడిపేవాడి కూతురు తప్పు పట్టడమా! సున్నా తుడిచేశాను.

"ఏమన్న దొరికిందా స్వరూపా?"

"ఏం లేదు సార్. అంతా కరెక్టే ఉంది."

కుక్కిన పేనులా ఊరుకున్నాను. థీసిస్ వెళ్లిపోయింది. "తెలంగాణ ఒస్తది, నౌకరీలు పడ్తయి, నా చేతుల పట్టా ఉండాలె" అని ఆయన ఎంత మురిసిపోయారో!

కొన్ని వారాలకు మళ్లీ బంద్. ఎల్బీ నగర్ చౌరస్తాలో టైర్లు కాలుతున్నాయి, ఆ వాసన మా వాకిలి దాకా వస్తోంది. సార్ ఏడో పేజీ పట్టుకుని కిందికి వచ్చారు. తీరిక దొరికి మళ్లీ లెక్క చూసుకుంటే తప్పు తెలిసిందట. కాగితాన్ని కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టారు. తుడిచిన సున్నా లీలగా కనిపించింది.

"ఎందుకు తుడిచినవు బిడ్డా?"

"మీ లెక్కల తప్పు నాకెట్ల దొరుకుతది, నేనే తప్పనుకున్న సార్."

ఆయన కాగితం కిందికి దించారు. నాలుగు తిట్టినా బాగుండేది. "తప్పు చేసింది నేను. దానికి కాదు నా బాధ. నన్ను సూసి భయపడ్డవు. నేనెప్పుడు గంత పెద్దోన్నయిన?" అన్నారు.

"ఎవ్వలు సూడలే కద సార్, ఉండనీయున్రి" అన్నాను. ఎంత సిగ్గులేని మాట!

"మనిద్దరం సూసినం గద" అన్నారు.

థీసిస్ వెనక్కి తీసుకున్నారు. ఆ రెండుతో గుణిస్తే జవాబు రెట్టింపైంది, ఆకాశంలో కొలిచిన విలువతో పొంతన కుదరలేదు. మరో దారి వెతికేలోపే గడువు తీరిపోయింది. నేను ముందే చెప్పి ఉంటే ఆయనకు సమయం ఉండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? తెలంగాణ వచ్చిన రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో మిఠాయిలు పంచారు. సార్ ఒకటి నోట్లో వేసుకుని క్లాసుకు వెళ్లిపోయారు. తర్వాత లెక్చరర్ పోస్టులు పడ్డా పట్టా లేక ఆయన దరఖాస్తు పెట్టలేకపోయారు. చివరిదాకా కోచింగ్ పిల్లలకు షార్ట్‌కట్‌లే చెప్పారు.

మూడేళ్ల కింద గుండె ఆగి పోయారు. ఆయన చెల్లెలు ట్యూబు పట్టీతో కట్టిన కట్ట ఒకటి తెచ్చిచ్చింది. పైనే ఏడో పేజీ ఉంది. నేను తుడిచిన సున్నా మీద ఇంకుతో మళ్లీ సున్నా చుట్టి, పక్కన రాశారు: "ఈ తప్పు మొదట చూసింది స్వరూప." వాకిట్లోనే కూలబడి ఏడ్చాను.

ఇప్పుడు నేనూ డిగ్రీ కాలేజీలో ఫిజిక్సే చెబుతున్నాను. మొన్న బోర్డు మీద లెక్క చేస్తుంటే వెనక బెంచీ అమ్మాయి చెయ్యి సగం ఎత్తి దించేసింది. దగ్గరికి వెళ్లి "ఏంది బిడ్డా, చెప్పు" అన్నాను.

"ఏం లేదు మేడమ్" అంది.

సుద్దముక్క ఆమె చేతిలో పెట్టాను. గంట కొట్టింది, మిగతా పిల్లలందరూ లేచి వెళ్లిపోయారు. ఆ అమ్మాయి నోరు విప్పేదాకా నేను అక్కడే నిలబడ్డాను.