షౌకత్ బీ గోలీల డబ్బా

కార్వాన్‌లో షౌకత్ బీ ఉండే గల్లీలో ఎవరికి ఏ నొప్పి వచ్చినా ముందు డాక్టరు దగ్గరికి పోరు, ఆమె బిస్కెట్ల డబ్బా దగ్గరికి పోతారు. ముప్పై ఏళ్లుగా ఇదే వరస. ఎవరింట్లో జ్వరం తగ్గి నాలుగు గోలీలు మిగిలినా తెచ్చి ఆ డబ్బాలో వేస్తారు. పైసలు పెట్టి కొన్నవి, పారేస్తే పాపం కదా! ఆమెకు చదువు రాదు. అయితేనేం, స్ట్రిప్పు రంగు చూసి చెప్పేస్తుంది. "గులాబీది కడుపుల మంటకు, పచ్చది ఒళ్లునొప్పులకు. తిని వేస్కో, ఫికర్ చెయ్యకు." తగ్గితే ఆమె చేతి చలవ, తగ్గకపోతే రోగం మొండిది. లోకం తీరే అంత.

ఆమె భర్త గులాం నబీ పరుపులు కుట్టేవాడు. తల నొచ్చినా, నడుము పట్టినా చెయ్యి చాపేవాడు, ఆమె పెట్టింది నోట్లో వేసుకునేవాడు. ఏం గోలీ అని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఒక మంగళవారం పొద్దున సూది చేతిలో ఉండగానే "షౌకత్, తల పగులుతుందే" అని అరిచి, కుడుతున్న పరుపు మీదే పడిపోయాడు. ఆమె పరుగున డబ్బా తెచ్చింది. గోలీ పెట్టబోతే వాంతి చేసుకున్నాడు. పక్కింటి సుందరమ్మ ఆటో పిలవకపోయి ఉంటే ఏమయ్యేదో అల్లాకే ఎరుక.

పెద్దాసుపత్రిలో తలకు ఫొటో తీసి, మెదడు చుట్టూ రక్తం కారిందన్నారు. ఉబ్బి పగిలిన రక్తనాళాన్ని లోపలి నుంచి తీగతో మూసేశారు. అమ్మయ్య అనుకునేలోపే డాక్టర్ స్రవ్య వచ్చి పక్కన కూచుంది. చిన్న వయసు పిల్ల, మాట మెత్తన.

"రక్తం ఆగింది అమ్మీ. కానీ గండం గడవలే. ఇంకో పది దినాలు మెదడు రక్తనాళాలు ముడుచుకుపోయే భయం ఉంటది. అట్లయితే చెయ్యో కాలో పడిపోవచ్చు, ప్రాణానికే రావచ్చు. దానికి ఇచ్చే మందు ఇస్తనే ఉన్నం. దాంతోపాటు ఇంకో గోలీ పనిచేస్తదా అని పరీక్ష చేస్తున్నం. కొత్త మందు కాదు. నడిస్తే పిక్కలు పట్టేసేటోళ్లకు ఏండ్ల సంది ఇస్తున్నదే. సగం మందికి ఆ మందు, సగం మందికి చూస్తే అచ్చం గట్లనే ఉండే ఉత్త గోలీ. ఎవరికి ఏదో నాకు సుత తెలువదు. ఇష్టం లేకుంటే వద్దనొచ్చు."

షౌకత్ బీ వేలిముద్ర వేసింది. వేసిందన్నమాటే గానీ, ఆ "ఉత్త గోలీ" ముల్లులా గుచ్చుకుంది. ఉత్త గోలీ ఏంది? చావుబతుకుల్లో ఉన్నోడి నోట్లో సుద్ద పెడతరా? ఎవరిని అడగాలి? అడిగితే పొమ్మంటారేమో! అన్నం సయించలేదు. నమాజులో కూడా అదే ఆలోచన.

ఆరో రోజు పొద్దున గులాం నబీ మాట ముద్దగా వచ్చింది. చెంచా చేతిలో నిలవలేదు. స్రవ్య చూసి, "ముడుచుకోవడం మొదలైంది. బీపీ కిందికి జారకుండ చూడాలె, అదే ముఖ్యం" అని నర్సుకు చెప్పి పోయింది. షౌకత్ బీ పైప్రాణాలు పైనే పోయాయి. ఇంకేం, తన మొగుడికి ఉత్తదే పడింది!

పిక్కలు పట్టేసే గోలీ అంటే సుందరమ్మది. వాడగా మిగిలిన స్ట్రిప్పు డబ్బాలోనే ఉంది, డబ్బా ఆమె ఇంటి నుంచి వెంట తెచ్చుకున్న సంచిలోనే ఉంది. బయటికి పోయి సుందరమ్మకు ఫోన్ చేసి, "వెండి రంగుదే కదా నీ పిక్కల గోలీ?" అని గట్టి చేసుకుంది. మధ్యాహ్నం కిచిడీ తినిపిస్తూ, నర్సు అటు తిరగగానే రెండు గోలీలు అతని నాలుక మీద పెట్టింది. అతను అలవాటుగా మింగాడు.

గంటన్నర అయిందో లేదో మంచం పక్కన మిషను కూత పెట్టింది. గుండె దడదడా కొట్టుకుంటోంది, బీపీ దిగిపోతోంది. గులాం నబీ కళ్లు మూసుకుపోయాయి. పిలిస్తే పలకడు. డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. "మళ్ల రక్తం కారిందా? ఏమిచ్చిండ్రు ఇప్పుడు?" అని స్రవ్య నర్సును గద్దించింది. నర్సు బిక్కచచ్చిపోయి, కొత్తగా ఏమీ ఇయ్యలేదంది.

షౌకత్ బీ సంచిని ఒళ్లోకి లాక్కుంది. చెప్తే? పోలీసులను పిలుస్తరు. మొగుణ్ని చంపుకున్నదంటరు. గల్లీ గల్లీ ముఖాన ఉమ్మేస్తది. చెప్పకపోతే? మంచం మీద అతని పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆమె సంచిలోంచి డబ్బా తీసి స్రవ్య కాళ్ల దగ్గర పెట్టింది.

"నేనిచ్చిన బేటీ. రెండు గోలీలు ఇచ్చిన. నన్ను జైల్ల పెట్టు, ఆయన్ను బతికించు!"

స్రవ్య స్ట్రిప్పు చూసింది. ఒక్క క్షణం ఆమె ముఖం కందగడ్డయింది. తిట్టడానికి కూడా ఆగలేదు. సెలైన్ పెంచమంది, బీపీ ఎక్కే మందు పెట్టమంది. ఎవరికో ఫోన్ చేసి, పరీక్షలో అతనికి ఏ గోలీ పడుతోందో ఉన్నపళంగా గుట్టు విప్పి చెప్పమంది. జవాబు విని ఫోన్ పెట్టేసింది.

"ఆయనకు మొదటి దినం సంది అసలు మందే పడుతున్నది అమ్మీ. దాని మీద నువ్వు ఇంకో రెండు పెట్టినవ్, మోతాదు మించి బీపీ పడిపోయింది. పరీక్ష నుంచి ఆయన్ను తీసేస్తున్నం. చెప్పకపోయి ఉంటే ఇంకేదో అనుకొని వేరే వైద్యం చేస్తుంటిమి."

షౌకత్ బీ డబ్బాకు మూత పెట్టి పక్కకు నెట్టింది. సాయంత్రం దాకా ఆ మిషను మీది అంకెలనే చూస్తూ కూచుంది. అంకెలు చదవడం రాదు. నర్సు ముఖం చదువుతూ కూచుంది.

మూడో రోజుకు గులాం నబీ కళ్లు తెరిచాడు. కుడిచెయ్యి ఇంకా సరిగ్గా లేవదు, సూది పట్టగలడో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. మాట మాత్రం తేటగా వచ్చింది.

ఆమె వెక్కుతూ అడిగింది. "ఆనాడు ఏం గోలీ అని ఒక్క మాట ఎందుకు అడగకపోతివి?"

"నువ్విస్తే ఎన్నడన్న అడిగిన్నా?" అన్నాడతను.

అంతలో నర్సు మందుల ట్రేతో వచ్చింది. గులాం నబీ నోరు తెరవలేదు. ముందు షౌకత్ బీ ముఖంలోకి చూశాడు, వేసుకోనా అన్నట్టు. ఆమె తల ఊపలేకపోయింది. నర్సు వైపు తిరిగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అడిగింది.

"ఇది ఏం గోలీ బేటీ? దేనికి?"