ఆటోలో చోటు

మాది ఇల్లు కాదు, సత్రం. చైతన్యపురి మెయిన్ రోడ్డుకు రెండు సందుల లోపల, మేడ మీద రెండు గదుల వాటా. తెనాలి వైపు నుంచి మావాళ్లెవరు హైదరాబాద్ వచ్చినా దిగేది అక్కడే. కోచింగ్‌లో చేరడానికి ఒకరు, కళ్ల డాక్టరుకు చూపించుకోవడానికి ఒకరు, ఉద్యోగం ఇంటర్వ్యూకి ఒకరు. పని ఒక్క పూటదే అయినా ఆదివారం దాకా ఉండి, ఊరు చూసి గానీ కదిలేవాళ్లు కాదు. చూపించకుండా పంపడం మర్యాద కాదని నాన్న నమ్మకం.

ఆ పనిలో నాన్నకున్న హుషారు ఆఫీసు పనిలో నేనెప్పుడూ చూడలేదు. శనివారం సాయంత్రమే ఆటో మాట్లాడి పెట్టేవారు. ముందు గోల్కొండ, తర్వాత మ్యూజియంలో గంట కొట్టే గడియారం, ఆఖర్న చార్మినార్, ఆడవాళ్లుంటే గాజులు. ఈ వరస తప్పితే ఆయనకు కోపం వచ్చేది. గోల్కొండ అంటే గొర్రెల కాపరుల కొండ అని, కాకతీయుల నాటి మట్టికోటను కుతుబ్‌షాహీలు రాతికోట చేశారని, వజ్రాలు ఇక్కడి నుంచే దేశదేశాలకూ వెళ్లాయని ముఖద్వారం దగ్గర గుక్క తిప్పుకోకుండా చెప్పేవారు. వజ్రాల దగ్గరికి రాగానే తప్పకుండా ఒకసారి దగ్గేవారు. నేను వెనకాల నిలబడి పెదవులు కదుపుతూ వెక్కిరించేదాన్ని.

అక్కడి గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీద ఉన్న దర్బారులో వినిపిస్తుంది. శత్రువు వస్తే పైకి కబురు అందాలని అలా కట్టారట. నాన్న మోకాళ్ల నొప్పుల వంకతో కిందే ఉండి చప్పట్లు కొట్టేవారు. మేం మూడు వందల పైచిలుకు మెట్లెక్కి, విని, దిగి వచ్చి "వినిపించింది" అని ఆయనతో చెప్పాలి. చెప్పకపోతే మళ్లీ ఎక్కిస్తానని బెదిరించేవారు.

కింది వాటాలో ఇల్లుగలావిడ ఉండేది. పోచంపల్లి దగ్గరి నేతపనివాళ్ల ఊరు ఆమెది. భర్త దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల కొట్టు పెట్టి, ఈ ఇల్లు కట్టి, కట్టిన రెండేళ్లకే పోయాడు. కొట్టు కొడుకు చూసుకునేవాడు. గిరాకీ అంతా ఆదివారమే కాబట్టి అతనికి తీరిక ఉండేది కాదు. నేను ఆమెను పెద్దమ్మా అనేదాన్ని. అమ్మ టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో నాకు జడలేసి బడికి పంపింది ఆమే.

మేం ఊరు చూడ్డానికి బయల్దేరే రోజున పెద్దమ్మ పొద్దున్నే లేచి సర్వపిండి చేసేది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి గిన్నె అడుగున అద్ది కాల్చిన ఆ రొట్టెను మా బంధువులు మొదట అనుమానంగా చూసేవాళ్లు. గోల్కొండ పైన కూర్చున్నాక ముక్క మిగిల్చేవాళ్లు కాదు. డబ్బా పట్టుకుని ఆమె గేటు దగ్గర నిలబడి ఉండేది. అలాంటి రోజుల్లో ఎప్పుడూ ఒంటి మీద నీలం పోచంపల్లి చీర ఉండేది. ఆమె తమ్ముడు తన మగ్గం మీద నేసి ఇచ్చిన చీర అది. తలకు నూనె రాసి దువ్వుకుని, కొత్త చెప్పులు వేసుకుని ఉండేది. గుడికి వెళ్తోందేమో అనుకునేవాళ్లం. మేం ఒకరి ఒళ్లో ఒకరం సర్దుకుని కూర్చున్నాక డబ్బా నా చేతికిచ్చి, పైలంగా పోయి రమ్మనేది.

సాయంత్రం తిరిగి రాగానే నన్ను మెట్ల మీద కూర్చోబెట్టుకుని ఏమేం చూశామో చెప్పించుకునేది. నేను నాన్న గొంతు పెట్టి, ఆయన దగ్గే చోట దగ్గి మరీ చెప్పేదాన్ని. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. పదకొండేళ్లలో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఒక్కసారి కూడా, నువ్వు చూశావా పెద్దమ్మా అని అడగలేదు. ఇక్కడి మనిషి గోల్కొండ చూడకుండా ఎలా ఉంటుందని అనుకున్నాం. నిజం చెప్పాలంటే అంత కూడా అనుకోలేదు.

నేను డిగ్రీలో ఉండగా ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకుంది. వారం విడిచి వారం బంద్. కోచింగ్ సెంటర్ల షట్టర్లు దిగి ఉండేవి, బస్సులు డిపోల్లోనే ఉండేవి. మావాళ్లు రావడం మానేశారు. ఆదివారాలు నాన్నకు ఏమీ తోచక టీవీ ముందు కూర్చుని, అందులో మాట్లాడే ప్రతివాడితోనూ గొడవ పడేవారు. బస్సెక్కితే నోరు మెదపొద్దని నాకు చెప్పేవారు, నా మాట తీరు విని ఎవరైనా ఏమైనా అంటారని. నన్నెవరూ ఏమీ అనలేదు. భయం మాత్రం మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. పెద్దమ్మ కొడుకు ధర్నాలకు వెళ్లేవాడు. ఉద్యోగాల్లో, నీళ్లలో తమకు ఎంత అన్యాయం జరిగిందో అతను చెబుతుంటే నాకు నిజమే కదా అనిపించేది. ఆ మాట నాన్న ముందు అనే ధైర్యం లేదు.

ఒక రోజు దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, వండుకుని, అక్కడే కూర్చుని తినడం అప్పటి నిరసన పద్ధతి. పెద్దమ్మ పొద్దుట్నుంచి సర్వపిండి కాల్చి అక్కడికి పంపింది. అలవాటు కొద్దీ మాకూ ఒక పళ్లెం తెచ్చింది. నాన్న తలుపు దగ్గర నిలబడి, పళ్లెం అందుకోలేదు. మమ్మల్ని పొమ్మనడానికి వండిన వంట మాకెందుకన్నారు. ఆమె నవ్వి, పిల్ల తింటదని తెచ్చిన అంది. అక్కడితో అయిపోయేది. నాన్న ఊరుకోలేదు.

"ఈ ఊరు ఇంత అయింది మేం వచ్చాకేనండీ. అసలు గోల్కొండ చరిత్ర మీలో ఎంతమందికి తెలుసు? ఇక్కడ ఏముందో నలుగురికీ చూపించింది మేము."

పెద్దమ్మ గొంతు పెంచలేదు.

"నాకెట్ల తెలుస్తది సారూ. నేను సూడలే గద. పదకొండేండ్ల సంది మీ ఆటో పోతనే ఉన్నది. ఒక్కపారన్న నన్ను రమ్మన్లే మీరు."

నాన్న తడబడి, ఆటోలో చోటు ఉండేది కాదు కదండీ అన్నారు. ఆమె తలూపింది. పళ్లెం నా చేతిలో పెట్టి మెట్లు దిగింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు నీలం చీర. అన్ని ఆదివారాలు ఆమె కొత్త చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడింది గుడికి వెళ్లడానికి కాదు. పిలుస్తామని. ఇంతమందిమి సర్దుకుంటున్నాం కాబట్టి ఇంకొకరికి కూడా సర్దుతామేమోనని.

రెండు నెలల్లో ఎల్బీనగర్ అవతల మన్సూరాబాద్‌లో ఇల్లు చూసుకుని మారిపోయాం. నీళ్ల ఇబ్బంది అని నాన్న అందరికీ చెప్పారు. ఆమెకు ఎదురుపడలేకపోతున్నారని నాకు తెలుసు. సామాను ఎక్కిస్తుండగా, వచ్చే ఆదివారం గోల్కొండకు నేనే తీసుకెళ్తానని పెద్దమ్మకు చెప్పాను. నువ్వు పిలిచినవ్, గంతే చాలు బిడ్డా అంది.

ఆ ఆదివారం బంద్. మరుసటి వారం నాన్న ముభావంగా ఉన్నారని వెళ్లలేదు. తర్వాత పరీక్షలు, తర్వాత ఉద్యోగం. మన్సూరాబాద్ నుంచి చైతన్యపురి ఎంత దూరమని? నాలుగైదు స్టాపులు. ఆ నాలుగైదు స్టాపులు వెళ్లడానికి నాకు రెండేళ్లు పట్టింది. దానికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను. ఎంత తిట్టుకున్నా నాకు తక్కువే.

ఇక రాష్ట్రం వచ్చేసినట్టేనని ఊరంతా అనుకుంటున్న రోజుల్లో, ఒక సెలవునాడు వెళ్లాను. ఈలోగా షుగర్ వల్ల పెద్దమ్మ చూపు పోయింది. నా గొంతు పట్టే నన్ను గుర్తుపట్టింది. గోల్కొండ చూడ్డానికి వెళ్దామా అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. ఆమె మాత్రం వెంటనే లేచి, తడుముకుంటూ బీరువా దగ్గరికి వెళ్లి ఒక చీర తీసింది. నీలందేనా అని నన్నడిగి కట్టుకుంది.

కోట ముఖద్వారం దగ్గర ఆమె చెయ్యి పట్టుకుని నాన్న పాఠం మొదలుపెట్టాను. గొర్రెల కాపరుల కొండ అన్నానో లేదో, తర్వాతదంతా ఆమే అందుకుంది. మట్టికోట, రాతికోట, వజ్రాలు. వజ్రాల దగ్గర ఒకసారి దగ్గింది. మెట్ల మీద కూర్చుని నేను ఆడుతూ పాడుతూ చెప్పినదంతా, ఒక్క ముక్క పోకుండా దాచుకుంది. నాకు నవ్వొచ్చింది, నవ్వుతుండగానే ఏడుపొచ్చింది.

"ఇగ నువ్వు మీదికి పో బిడ్డా. మీ నాయిన లెక్క నేను సప్పట్లు గొడ్త."

వదిలి వెళ్లనన్నాను. వినలేదు. అక్కడున్న కాపలాదారుకు ఆమెను చూస్తుండమని చెప్పి ఎక్కాను. పరుగులాంటి నడకతో పైకి చేరి చెవులు రిక్కించి నిలబడ్డాను. సెలవు కావడంతో కింద జనం బాగా ఉన్నారు. గుమ్మటం కిందికి వచ్చిన ప్రతివాళ్లూ చప్పట్లు కొట్టేవాళ్లే. టపటపమని వినిపిస్తూనే ఉన్నాయి, వాటిలో ఆమెవి ఏవో తెలియలేదు. చాలాసేపు నిలబడ్డాను. ఎంత విన్నా తెలియలేదు.

దిగి వచ్చేసరికి పెద్దమ్మ ఇంకా కొడుతూనే ఉంది. నేను వెళ్లినప్పటి నుంచీ ఆపలేదని కాపలాదారు చెప్పాడు. చాలమ్మా అంటే, బిడ్డ మీదికి చేరిందో లేదో నాకు కనబడదు గద అందట. చేతులు పట్టుకుని చూశాను. రెండు అరచేతులూ కందిపోయి ఉన్నాయి.

"ఇనవడ్డదా బిడ్డా?"

"వినిపించింది పెద్దమ్మా."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మేమిద్దరమే. నేనెక్కడ కూర్చున్నానో తెలుసుకోవడానికి ఆమె చేత్తో సీటంతా తడిమింది. నేను ఆ చివర, ఆమె ఈ చివర. ఆ చెయ్యి మా మధ్యనున్న ఖాళీలో కాసేపు అలాగే ఉండిపోయింది.

"జాగ మస్తుగున్నది గదనే" అంది, మామూలుగానే.