గోల్ కాదన్న చిసెంగా

లువాన్ష్యా గని కాలనీలో చిసెంగాను చిన్నప్పుడు ఎవరూ ఆటలోకి రానిచ్చేవారు కాదు. మగపిల్లలు పాలిథిన్ సంచుల్ని ఉండగా చుట్టి, తాడుతో బిగించి, ఆ బంతితో వీధిలో ఆడుకునేవారు. వాళ్ళకు నాయకుడు ఆమె అన్న కబాసో. "నీకెందుకే ఇక్కడ? పోయి అమ్మకి పిండి కలుపు" అని తరిమేవాడు. చిసెంగా పోయేది కాదు. మురుగుకాలువ గట్టు మీద కూర్చుని ఆట మొత్తం కళ్ళప్పగించి చూసేది. బంతి తన్నాలన్న ఆశ ఆమెకు నిజానికి పెద్దగా లేదు. ఎవడు ఎవణ్ణి తోశాడు, బంతి ఎవడి కాలికి తగిలి బయటికి పోయింది, ఎవడు ఉత్తినే పడిపోయి దెబ్బ తగిలినట్టు నటిస్తున్నాడు, ఇవన్నీ కనిపెట్టడంలోనే ఆమెకు మజా.

ఒక సాయంత్రం కబాసో కొట్టిన బంతి, గోల్‌కి గుర్తుగా పెట్టుకున్న రాయి పక్కనుంచి దూసుకుపోయింది. లోపలని కొందరు, బయటని కొందరు. కొట్టుకునేదాకా వచ్చింది. ఎదుటి జట్టు పిల్లాడొకడు వెటకారంగా గట్టు వైపు చెయ్యి చూపించాడు.

"దాన్నడగండి. ఎటూ వాళ్ళన్న వైపే చెప్తుందనుకోండి."

"బయటికే పోయింది" అంది చిసెంగా.

కబాసో వచ్చి చెంప మీద ఒక్కటిచ్చాడు. "మళ్ళీ చెప్పు చూద్దాం!"

"బయటికే పోయింది." ఏడుస్తూనే చెప్పింది.

ఆ పూట మొక్కజొన్న సంకటి న్షిమాను ముద్దలు చేసుకుని తింటున్నప్పుడు తల్లి మొదలుపెట్టింది. వీధిలో ఆమెను బనా కబాసో అంటారు, కబాసో తల్లి అని. "సొంత అన్నకి ఒక్క గోల్ ఇస్తే నీ ఆస్తి కరిగిపోతుందటే? బయటివాళ్ళ పిల్లాడు రేపు నీకు కూడు పెడతాడా?"

తండ్రి లొంబే ఎండుచేపల కూర గిన్నె ముందుకు జరుపుకుంటూ, "నువ్వు చూశావా?" అన్నాడు.

"చూశాను నాన్నా."

"మరింకేం, తిను."

మర్నాటి నుంచి ఆ వీధిలో చిసెంగా రాకుండా ఆట మొదలయ్యేది కాదు.

లొంబే గనిలో ఇంజను నడిపేవాడు. మనుషుల్ని బోనులో నిలబెట్టి బావి అడుగుకి దించి, మళ్ళీ పైకి లాగే ఇంజను అది. ఆ గదిలో ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు. కింద ఉన్నవాళ్ళు గంట కొడితే లాగాలి, కొట్టకపోతే లాగకూడదు. బడి లేని రోజుల్లో చిసెంగా ఆయనకు అన్నం క్యారియర్ తీసుకెళ్ళి గుమ్మం బయటే నిలబడేది. ఓసారి ఒక అధికారి గుమ్మం దాకా వచ్చి గొంతు చించుకున్నాడు. "లాగవయ్యా! షిఫ్టు ఆలస్యమైపోతోంది, చెవుడా నీకు?" లొంబే చేతులు పిడి మీద అలాగే ఉన్నాయి. మెడ కూడా తిప్పలేదు. కాసేపటికి గంట మోగింది. అప్పుడు లాగాడు. బోను పైకి వచ్చాక తెలిసింది, అధికారి అరుస్తున్నప్పుడు కింద మనుషులు ఇంకా ఎక్కుతూనే ఉన్నారని. క్యారియర్ అందుకుంటూ ఆయన ఆ సంగతే ఎత్తలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందా అని మాత్రం అడిగాడు.

తల్లిది వేరే లోకం. ఆమె బజార్లో బండి మీద విటుంబువా అమ్మేది. పిండిని నూనెలో ముంచి వేయించిన ఉండలవి, పొద్దున్నే టీతో తింటారు. ఆమె నోటికి బజారంతా జడిసేది. ఒక రోజు ఒకావిడ వచ్చి, ఉండల్లో పిండి పచ్చిగా ఉందంది. బనా కబాసో నడుమున చీటెంగే గుడ్డ బిగించుకుని, ఆవిడ పళ్ళనీ, అత్తవారింటినీ, అత్తవారి ఊరినీ కలిపి దులిపేసింది. జనం పోగయ్యారు. ఆఖరికి నిరూపిద్దామని తనే ఒక ఉండ విరిచింది. లోపల పచ్చి పిండి జారింది. చిసెంగాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తల్లి మాత్రం అంతకన్నా పెద్ద గొంతుతో, "వినండర్రోయ్! ఇవాళ బనా కబాసో పచ్చి పిండి అమ్ముతోంది! తిన్నవాళ్ళంతా రండి, వేడివి ఇస్తా. ఈ అమ్మకి రెండు ఎక్కువ, తిట్లు తిన్నందుకు!" అని కేకేసింది. ఆవిడ కూడా నవ్వేసింది. మర్నాడు అదే జనం అదే బండి ముందు మూగారు.

చిసెంగా పెద్దదై ప్రాథమిక పాఠశాలలో టీచరయింది. పిల్లల పోటీలకు ఈల ఊదీ ఊదీ, చివరికి రెఫరీ శిక్షణకు పేరిచ్చింది. చుట్టుపక్కల ఇళ్ళలో గుసగుసలు బయల్దేరాయి. పెళ్ళి కావలసిన పిల్ల నిక్కరేసుకుని మగాళ్ళ మధ్య పరిగెత్తడమేమిటని చర్చిలో ఒక పెద్దాయన తల్లినే నిలదీశాడు.

"దాని కాళ్ళు చూడ్డానికి వచ్చేవాళ్ళు దాని వెనక పరిగెత్తలేక చస్తారు, మీరేం బెంగపడకండి" అంది తల్లి. ఆ వారమే సెకండ్ హ్యాండ్ బట్టల గుట్టలో వెతికి నల్ల నిక్కరు తెచ్చి, కూతురి కొలతకు కుట్టించింది.

చిసెంగా నిలదొక్కుకుంది. ఆటగాళ్ళు మీదికొచ్చి అరిస్తే ఆమె మొహంలో ఏమీ కదిలేది కాదు. "అచ్చం లొంబేనే" అనేవారు గని పెద్దలు. మరీ మితిమీరినవాణ్ణి మాత్రం దగ్గరికి పిలిచి చెవిలో ఒక మాట అనేది. వాడు నవ్వాపుకోలేక వెనక్కి పోయేవాడు. ఆ మాటలు ఎవరి నోటివో బజారు వాళ్ళకు చెప్పనక్కర్లేదు.

కబాసో కాలనీ జట్టుకు కోచ్ అయ్యాడు. ఆ ఏడు ఆఖరి ఆట ముఫులిరా ఊరి జట్టుతో. గెలిస్తే మన జట్టు లీగులో పై తరగతికి వెళ్తుంది, సమానమైతే లేదు. తీరా ఆట సమయానికి రావలసిన రెఫరీ మలేరియాతో మంచం పట్టాడని కబురొచ్చింది. జనంలో కూర్చుని వేరుశెనగలు తింటున్న చిసెంగాను నిర్వాహకులు బతిమాలారు. ఆమె నేరుగా ముఫులిరా కోచ్ దగ్గరికి వెళ్ళింది. సంపా అనే ముసలాయన.

"వాళ్ళ కోచ్ మా అన్న. ఒక తల్లి పిల్లలం. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి బాబాయ్."

సంపా నవ్వాడు. "నువ్వు వాళ్ళ కోచ్ భార్యవైతే భయపడేవాణ్ణమ్మా. చెల్లెలివేగా. చెల్లెళ్ళకి అన్నల మీద ఎన్ని ఫిర్యాదులుంటాయో నాకు తెలీదూ? ఊదు ఈల."

గోల్స్ సమానంగా ఉండి ఆట ముగియబోతుండగా మన కుర్రాడు ఎడమ పక్కనుంచి బలంగా తన్నాడు. బంతి వలలో పడి ఊగింది. చిసెంగా గోల్ ఇచ్చింది. జనం గోడ దూకి మైదానంలోకి ఉరికారు. ఆడవాళ్ళు గొంతెత్తి కేరింతలు కొట్టారు. ముఫులిరా గోల్‌కీపర్ మాత్రం ఆమె చొక్కా పట్టుకుని లాగుతున్నాడు. "మేడమ్, మీ కాళ్ళు మొక్కుతా, ఒక్కసారి వచ్చి చూడండి."

చూడకుండా ఆట మొదలుపెట్టేయవచ్చు. ఎవరూ తప్పుపట్టరు. ఆమె వెళ్ళి చూసింది. గోల్ స్తంభం మొదట్లో వల ముడి ఊడిపోయి, బంతి దూరేంత సందు ఉంది. తాను చూసిందేమిటి? వలలో ఊగుతున్న బంతిని. అది స్తంభాల మధ్య నుంచి వెళ్ళడం చూడలేదు. అడ్డంగా ఒక ఆటగాడి వీపు ఉంది. బంతి వచ్చిన వాలు చూస్తే అది బయటి వైపునుంచే దూరింది. ఈల ఊది, చెయ్యెత్తి, మైదానం ఆ చివరికి వినపడేలా అరిచింది.

"గోల్ కాదు! బంతి పక్క సందులోంచి వచ్చింది. ముందు గోల్ ఇవ్వడం నా పొరపాటు!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆకాశం విరిగి పడింది. "లొంబే కూతురా, ముఫులిరాలో మొగుణ్ణి చూసుకున్నావటే?" "అన్న అన్నంలో మన్ను పోశావే!" ఎవడో చిబుకు అనే జొన్నకల్లు డబ్బా విసిరితే ఆ పుల్లటి మడ్డి ఆమె భుజం మీద కారింది. ఆమె ఆ సందు దగ్గరే కదలకుండా నిలబడింది.

కబాసో పరుగెత్తుకొచ్చాడు. పిడికిళ్ళు బిగించి ఉన్నాడు. "ఇచ్చిన గోల్ లాక్కుంటావా? ఇంతమంది ముందు?"

"ఇవ్వకూడనిది ఇచ్చాను అన్నయ్యా. నువ్వే చూడు."

అతను వంగి ఆ సందులో చెయ్యి పెట్టాడు. మోచెయ్యి దాటి లోపలికి పోయింది. లేచి, తన ఆటగాళ్ళ వైపు తిరిగాడు. "ఏం చూస్తున్నార్రా? ఇంకా టైముంది. పోయి ఆడండి!"

ఆ తర్వాత ఎవరికీ గోల్ పడలేదు. ఆట సమానమైంది.

ఇంటికొచ్చేసరికి లొంబే వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు. కబురు ఆమెకన్నా ముందే చేరింది. "వల ఎవడు కట్టాడు?" అన్నాడు.

"ఎవరు కట్టినా, ఆటకి ముందు చూసుకోవలసింది నేనే నాన్నా. హడావుడిలో చూడలేదు."

"అయితే ఇకనుంచి చూస్తావు" అన్నాడాయన, లేచి ఆమెకు కుర్చీ ఇస్తూ.

బజార్లో తల్లి బండి దగ్గర కొన్నాళ్ళు దెప్పిపొడుపులు తప్పలేదు. "మీ అమ్మాయి వల్ల మా పిల్లలు ఏడుస్తున్నారు" అని ఒకావిడ అంటే, "మా ఇంట్లో అంతకన్నా పెద్ద కోచ్ ఏడుస్తున్నాడు. నీ పిల్లల్ని వాడి వెనక వరసలో నిలబెట్టు. ఉండలు ఎన్ని కట్టమంటావు?" అంది బనా కబాసో. ఇక చిసెంగా అయితే ఏ మైదానానికి వెళ్ళినా మోకాళ్ళ మీద కూర్చుని వల ముడులన్నీ లాగి చూస్తుంది. ఆటగాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనిస్తుంది.

కబాసో ఆమెతో వానలు వచ్చేదాకా మాట్లాడలేదు. ఒక రోజు తనే ఇంటికొచ్చి, వచ్చీ రాగానే, "ఆఫ్‌సైడ్ సంగతి మా కుర్రాళ్ళకి ఎంత చెప్పినా ఎక్కడం లేదు. శనివారం వచ్చి చెప్తావా?" అన్నాడు. ఆమె వెళ్ళి చెప్పింది. ఆ తర్వాత ప్రతి శనివారమూ వెళ్ళింది.

మరుసటి ఏడు ఆఖరి ఆట రోజు ఆమె చింగోలాలో వేరే ఆటకు ఈల ఊది, బస్సులో తిరిగొస్తోంది. ముందు సీటాయన ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ, లువాన్ష్యా కాలనీ జట్టు గెలిచి పై తరగతికి వెళ్ళిందన్నాడు. చిసెంగా సీటు మీదినుంచి లేచి, బస్సు కప్పు అదిరేలా కేరింత కొట్టింది. పక్కావిడ ఒళ్ళోని కోడి రెక్కలు కొట్టుకుంటూ కిందికి దూకింది.

కండక్టరు ఉలిక్కిపడి తిరిగి, ఆమె ఒంటిమీది నల్ల దుస్తుల్ని ఎగాదిగా చూశాడు. "అదేంటి మేడమ్, రెఫరీలకి జట్లుండవంటారు కదా?"

"ఈల నోట్లో ఉన్నంతసేపే తమ్ముడూ" అంది, కోడిని పట్టుకోవడానికి సీటు కిందికి వంగుతూ. "గెలిచింది మా అన్న జట్టు!"