పిండిమిల్లు మీద జాజ్

విజయనగరంలో ఒక ఏడాది పాటు ప్రయోగాత్మక సంగీతం మహా జోరుగా సాగిందని చెబితే ఊళ్లోవాళ్లే నమ్మరు. వాళ్ల తప్పేం లేదు. మొత్తం ఉద్యమంలో ఉన్నది మేం ముగ్గురం.

ఫోన్లలో నెట్ దాదాపు ఊరికే వచ్చిన రోజులవి. దేశమంతా సినిమాలు చూసుకుంటుంటే, నేను ఇంజనీరింగ్ కాలేజీలో మెకానిక్స్ పాఠం చెప్పి ఇంటికొచ్చి ఫ్రీ జాజ్ వినేవాణ్ణి. రాగమంటూ ఉండదు, తాళం ఉన్నట్టే ఉండి ఉండదు, ఎవరికి తోచింది వాళ్లు వాయిస్తారు, అయినా ఒకళ్లు చెప్పేది ఒకళ్లు వింటున్నట్టే ఉంటుంది. మా స్టాఫ్ మీటింగులకూ దానికీ ఆ చివరిదొక్కటే తేడా.

వినడంతో ఊరుకోక, సాలూరులో మూతపడిన ఒక బ్యాండు మేళం వాళ్ల దగ్గర పాత సాక్సఫోన్ కొన్నాను. నా సాధన గురించి మా ఆవిడ ఒకే ఒక్క అభిప్రాయం చెప్పింది: ఊళ్లో ఇళ్లు కాని చోట్లు కూడా ఉంటాయని. ఆ చోటు వెతికిపెట్టింది ఆవిడ అన్నయ్యే. బావ మృదంగంలో డిప్లొమా చేశాడు, సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. అతని దుకాణం పక్కనే పిండిమిల్లు, దాని మీద ఒకప్పుడు ట్యూషన్ సెంటరు నడిచిన ఖాళీ గది. నల్లబల్ల మీద ఎవరో సగం చేసి వదిలేసిన లెక్క అలాగే ఉంది. కింద మిల్లు ఆడుతుంటే పైన ఎవరేం చేసినా వినబడదన్న నమ్మకంతో మిల్లు శావుకారు గది ఇచ్చాడు. ఆ నమ్మకం రెండు వారాలు నిలిచింది.

మూడో మనిషి సన్నాయి మాస్టారు. కోటబొమ్మాళి దగ్గర ఊరు, యాభై దాటిన వయసు. ఈ జిల్లాల్లో పెళ్లి మేళమంటే ముందు ఆయన్నే తలుచుకుంటారు. బావ బతిమాలితే ప్యాసింజర్ రైల్లో వచ్చారు. నేను ఫోన్లో ఒక ఫ్రీ జాజ్ ముక్క వినిపించాను. పదకొండు నిమిషాలు కదలకుండా విన్నారు.

"గట్టిమేళమే కదా బాబూ ఇది," అన్నారు. "ఇంతసేపైనాది, తాళి ఇంకా కట్టలేదేటి?"

పెళ్లిలో తాళి కట్టే క్షణాన పురోహితుడు వేలెత్తగానే మేళమంతా ఒక్కసారిగా విరుచుకుపడుతుందే, ఎవరి తుమ్మూ ఎవరి చెడ్డమాటా చెవిన పడకుండా, అది గట్టిమేళం. ముప్పై ఏళ్లుగా తాను మనసుకు తోచినట్టు వాయించింది ఆ ఒక్క నిమిషమేననీ, మిగతాదంతా కొలిచి వాయించిందేననీ ఆయన చెప్పారు. మరుసటి ఆదివారం ఎవరూ పిలవకుండానే వచ్చారు.

పది నెలలు వాయించాం. మధ్యలో మా కాలేజీ వార్షికోత్సవంలో పద్దెనిమిది నిమిషాల కచేరీ కూడా ఇచ్చాం. అయ్యాక ప్రిన్సిపాల్ గారు స్వయంగా వచ్చి, మైకు టెస్టింగ్ పూర్తయితే ఇక ప్రార్థన మొదలుపెడదామా అని అడిగారు. మేం ఎవరి మాటకీ చలించే స్థితిలో లేం. మాస్టారు సన్నాయిని ఒకచోట నవ్వించేవారు, ఇంకోచోట కసిరించేవారు. ఇది ఊరు ఇవాళ కాకపోతే రేపు ఒప్పుకోక తప్పని సంగీతమని నాకు పూర్తి ధీమా.

పుష్యమాసంలో ఒక ఆదివారం శావుకారు సగం మెట్లెక్కి, అక్కడే ఆగి, మాస్టారిని పిలిచాడు. మాఘంలో తన కూతురి పెళ్లి. మేళం ఈసారి బయటినుంచి తెప్పించుకుంటామన్నాడు. మగపెళ్లివారు సంగీతం తెలిసినవాళ్లట. పది నెలలుగా తన నెత్తి మీద నడుస్తున్నది వాళ్ల చెవిన పడితే పరువు దక్కదట. చెప్పేసి కిందికి దిగిపోయాడు. మాస్టారు సన్నాయి పీక తీసి, తుడిచి, డబ్బాలో పెట్టుకున్నారు.

అందులో ఉన్న ప్రమాదం నాకు బావ చెబితే గాని తెలియలేదు. శావుకారు పెళ్లికి వాయించింది మాస్టారి తండ్రి. ఆ ఇల్లే ఆయన్ని వదిలేసిందంటే ఎందుకు వదిలేసిందని బజారువీధి అంతా అడుగుతుంది. అపస్వరాలు వాయిస్తున్నాడట అన్న జవాబు ఒక్కటి చాలు, వచ్చే లగ్నాలకి ఆ వీధిలో ఎవరూ పిలవరు. ఆయన పేరే ఆయన బతుకు. దాన్ని నేను ఆదివారప్పూట సరదాకి వాడుకున్నాను.

ఇక ఆపేద్దామని నేనే అన్నాను.

"ఆపితే తప్పు సేసినట్టే కదా బాబూ," అన్నారు మాస్టారు. "మిల్లు రొదలో ఇనీ ఇనక ఇన్నాడాయన. పైకి పిలిసి కూకోబెడదాం."

మరుసటి ఆదివారం శావుకారు వచ్చాడు. పెద్దమనిషి కనుక, మర్యాదకి మిల్లు కూడా ఆపించాడు. కింద జనం డబ్బాలతో నిలబడే ఉన్నారు. ఆయన ట్యూషన్ బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. మేం మొదలుపెట్టాం.

ఘోరంగా ఉంది. పది నెలల్లో మొదటిసారి నా సాక్సఫోన్ నాకు విడిగా వినబడింది, ఆ అనుభవం ఇంకెవరికీ వద్దు. బావ చేతులు చీకట్లో గోడ తడుముకుంటున్నట్టున్నాయి. మాస్టారి సన్నాయి సైతం ఎక్కడా నిలవలేక జారిపోతోంది. నేను నల్లబల్ల మీద లెక్క చూస్తూ వాయించాను. ఐదు నిమిషాలకి శావుకారు లేచి మెట్లు దిగిపోయాడు.

నేను ఆపేశాను, బావ ఆపేశాడు. మాస్టారు ఆపలేదు. చెమటలు కారుతున్నా, ఎవరూ లేని బల్లకేసి చూస్తూ వాయిస్తూనే ఉన్నారు.

అప్పుడు కింద స్విచ్చు పడింది. బెల్టు టపటపలాడి, మిల్లు మెల్లగా లేచి తన ఝంకారంలో కుదురుకుంది. అంతసేపూ జారిపోతున్న సన్నాయి వెళ్లి దాని మీద కూర్చుంది. మాకు శ్రుతి ఆ మిల్లే. పది నెలలుగా ఒక మోటారుకి శ్రుతి చేసుకుని వాయిస్తూ, ఆ సంగతి కనిపెట్టలేకపోయిన ముగ్గురిలో ఒకడు మెకానిక్స్ లెక్చరరు.

శావుకారు తిరిగొచ్చి కూర్చున్నాడు. మేమూ అందుకున్నాం. కాసేపటికి కింద ఎవరో గింజలు పోశారు. మోటారు మీద బరువు పడి ఝంకారం పిసరంత దిగింది. దాంతోపాటే సన్నాయీ దిగింది. శావుకారు కళ్లు తెరిచాడు.

"గోధుమలు," అన్నాడు.

మాస్టారు సన్నాయి దించి, అవునన్నట్టు తలాడించారు.

రాయి అరిగినా, బెల్టు వదులైనా, గింజ మారినా శావుకారుకి ఇంట్లో పడుకుని చెవితోనే తెలుస్తుందట. ఇరవై ఏళ్లలో ఆ సంగతి ఎవరికి చెప్పినా నవ్వారట. "మా తమ్ముడికే తెలీదది. నీకెప్పుడు తెలిసినాది?" అని అడిగాడు.

"మీరు మిల్లు ఆపినప్పుడు, సావుకారూ."

"పెళ్లిలో మిల్లుండదు మరి."

"పెళ్లిలో సుర్తిపెట్టె ఉంటాది. మీ పెళ్లిలో మా నాన్నకీ అదే ఉన్నాది. ఏదుంటే దాన్నొదలం మేం."

శావుకారు అక్కడే ఫోన్ తీసి తమ్ముడికి చేశాడు. మేళం మనవాడిదేనని చెప్పాడు. అవతల ఏదో అభ్యంతరం వినిపించింది. "అపస్వరమా?" అన్నాడు శావుకారు. "నాకన్నా నీకు ఎక్కువ తెలుసేటి? మూసుకుని పెళ్లిపనులు సూడు."

మాఘంలో పెళ్లి జరిగింది. మాస్టారు పంచె, పొందూరు ఖద్దరు కండువాతో, వెంట్రుకవాసి తేడా లేకుండా వాయించారు. మగపెళ్లివారి పెద్దలు ముందువరసలో కూర్చుని తలలూపారు. వాళ్లలో ఒకాయన లేచి వచ్చి, తమ ఇంట్లో వైశాఖంలో జరగబోయే పెళ్లికి అప్పుడే మాట తీసుకున్నాడు. నేను, బావ గర్వంగా ఒకళ్లనొకళ్లు చూసుకున్నాం. మేం చేసిందేమీ లేదు గాని, గర్వానికి అది అడ్డం కాదు.

భోజనాల దగ్గర శావుకారు నా పక్కకొచ్చి నిలబడ్డాడు. మేళం ఎలా ఉందని అడిగాడు. చాలా శుద్ధంగా ఉందన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"శుద్ధంగానే ఉన్నాది లెండి. కూసింత సప్పగా లేదూ?"